పాలు త్రాగించిన పాప



ప్రేమ అను మాట మన ఇండ్లలో మిక్కిలి తక్కువగా వినబడును. సినిమాపాటలలో అది కావలసినంత కలదు. కథలలో, నవలలలో కలదు. కాని నలువది సంవత్సరములు కాపురము చేసిన గృహస్థుడు ఒకనాటి ఉదయమున వంటయింటి గడపకడ నిలిచి, "నీవనిన నాకెంతో ప్రేమ సుమా!" అని ఇల్లాలితో పలికినచో ఏమి జరుగును? ఆమె పొయ్యిమంట తగ్గించి, కొంగుతో చేయి తుడుచుకొని, ముందుగా ఆయన నుదుటిపై చేయివైచి జ్వరమేమైన వచ్చినదేమో చూచును. జ్వరము లేదని తేలిన పిమ్మట, "ఎవరికి జామీను సంతకము పెట్టి వచ్చినారో ఇప్పుడైన నిజము చెప్పండి" అని అడుగును.

అట్లయిన మన ఇండ్లలో ప్రేమ లేదా? ఉన్నది. అది ఆ పేరుతో తిరుగుట లేదు, అంతియే. మన ఇండ్లలో ప్రేమకు పెట్టుకొన్న పేరు "తిన్నావా?" అను ప్రశ్న.

కొడుకు అమెరికానుండి ఫోను చేయును. తల్లి అడుగు మొదటిమాట "తిన్నావా?" ఇక్కడ మధ్యాహ్నము, అక్కడ అర్ధరాత్రము. "ఇప్పుడు తినే వేళ కాదమ్మా" అని అతడు నవ్వును. "అయితే రాత్రికి ఏమి తిన్నావు?" అని ఆమె ఊరకుండదు. ఇక తండ్రి ఫోను అందుకొని, "డబ్బులున్నాయా? సరే, ఇదిగో అమ్మకిస్తున్నా" అనును. తండ్రి ప్రేమకు సంబంధించిన మహాకావ్యము అంతటితో సమాప్తము. ఆలుమగలు కలహించి ఒకరితో నొకరు మాటలాడని దినమున సైతము, "మీ నాన్నను అన్నానికి రమ్మను" అని పిల్లవానిచేత కబురు వచ్చును. కోపము కోపమే, అన్నము అన్నమే. ఆ పిల్లవాడు ఆనాడు చేయు దౌత్యము రాజుల కాలమున చేసియుండినచో ఎన్ని యుద్ధములు ఆగియుండెడివో!

నవ్వుకొనుటకు ఈ మాట చెప్పుట లేదు. ఈ చిన్న ప్రశ్నయందు శరణధర్మము యొక్క సారమెంతయో ఇమిడియున్నదని నా నమ్మకము. అది ఎట్లో విన్నవించుకొందును.

సంసారము బంధనమనియు, ఆలుబిడ్డలు మాయయనియు, వారిని విడిచి అడవికేగినవాడే ధన్యుడనియు చెప్పు మార్గములు లోకమున కలవు. బసవేశ్వరుడు నడచిన త్రోవ అది కాదు. 12వ శతాబ్దమున కల్యాణపురమున బిజ్జలుని కొలువులో భండారియై రాజ్యపు లెక్కలు చూచిన ఆ మహనీయుడు గృహస్థుడు. గంగాంబిక, నీలాంబికలు ఆయనకు ధర్మపత్నులు. అక్క నాగమ్మ తల్లివలె ఆయనకు అండ. ఆమె కుమారుడగు చెన్నబసవన్న మేనల్లుడే గాక ధర్మకార్యమున కుడిభుజము. బాల్యమున తనకు ఉపనయనము తలపెట్టినప్పుడు, అక్కకు లేని సంస్కారము తనకెందులకని బాలబసవడు నిలదీసెనని లోకమున ప్రసిద్ధమైన కథ కలదు. ఎంత పెద్ద ధర్మవృక్షము ఎంత చిన్న చోట మొలకెత్తినదో చూడుడు! శాస్త్రచర్చలో గాదు, తోడబుట్టినదానిపై గల మమకారమున అది మొలకెత్తినది.

అనుభవమంటపమున చేరిన శరణులలో ఎందరో దంపతులు. 30 మందికి పైగా స్త్రీలు అక్కాలమున వచనములు చెప్పిరి. రైతు, చాకలి, చెప్పులు కుట్టువాడు, పడవ నడుపువాడు తమ తమ కాయకములు చేసికొనుచు, ఆలుబిడ్డలతో నుండి, సాయంకాలమున శివతత్త్వము చర్చించిరి. అనగా పొయ్యి వెలిగిన ఇంటియందే జ్ఞానదీపము కూడ వెలిగినది. ఒకదానిని ఆర్పి మరియొకదానిని వెలిగించుమని వారు చెప్పలేదు.

అయినను ఒక సందేహము మిగిలియుండును. ఇంటివారిపై మనకు గల మమకారమునకును, శివునిపై గల భక్తికిని సంబంధమేమి? ఈ సందేహమునకు సమాధానము పాల్కురికి సోమనాథుని బసవపురాణమున దొరకును. 13వ శతాబ్దమునాటి ఆ మహాకవి జానుతెనుగున, ద్విపదలో, అందరకు పాడుకొన వీలగునట్లు ఆ గ్రంథమును రచించెను. తెలుగున పుట్టిన ఆ పురాణము 1369లో భీమకవి చేతిమీదుగా కన్నడమునకు చేరినది. అందు ముగ్ధభక్తుల కథలు కొన్ని కలవు. ముగ్ధుడనగా తెలివిలేనివాడు కాదు. శివుడు తన యెదుట నిజముగా ఉన్నాడనియు, ఆయనకు ఆకలి, దప్పిక, నొప్పి కలుగుననియు రవంతయైన సందేహింపక నమ్మినవాడు. వారిలో మువ్వురను మీ ముందుంచెదను.

మొదటివాడు రుద్రపశుపతి. ఒకచోట పురాణము జరుగుచున్నది. శివుడు హాలాహలము మ్రింగిన ఘట్టము వచ్చినది. చుట్టునున్నవారందరు ఆ కథను ఎన్నియో మారులు విన్నవారే. చేతులు జోడించిరి, తలలూపిరి. రుద్రపశుపతి మాత్రము గడగడ వణకెను. విషము మ్రింగినాడా! ఎవ్వరును వారింపలేదా! ఇపుడెట్లున్నాడో! అని పరుగున పోయి నీటిలో దిగి, శివుడు ఆ విషమును ఉమిసిననే గాని తాను బ్రతుకనని పట్టుపట్టెను. శివుడు ప్రత్యక్షమై, విషము తన్నేమియు చేయలేదని నచ్చజెప్పినను అతడు వినలేదు. తుదకు శివుడు అతనిని తన తొడపై కూర్చుండబెట్టుకొని, కంఠమువంక చూచుచుండుమని చెప్పవలసి వచ్చెను. ఆ భక్తుడు రెప్పవాల్చక ఆ కంఠమునే చూచుచు కూర్చుండెనట.

ఈ కథ విని మనము నవ్వుదుము. యుగముల క్రిందటి విషమునకు ఇపుడు కంగారేమి? కాని మన ఇంట ఏమి జరుగుచున్నది? కొడుకు మాటల సందర్భమున, "చదువుకొనే రోజుల్లో ఒకసారి బస్సు మెట్టుమీదనుంచి పడ్డానమ్మా" అనును. అది ఇరువది సంవత్సరముల నాటి మాట. దెబ్బ మానినది, మచ్చ కూడ మాసినది, పడినవానికి తల నెరసినది. తల్లి మాత్రము చేతిలోని గరిటె క్రిందబెట్టి, "ఏదీ, ఏ కాలు? నాకెందుకు చెప్పలేదు?" అని ఆ రాత్రి నిద్రపోదు. ప్రేమకు భూతకాలము లేదు. వ్యాకరణము చెప్పుకొని బ్రదుకు నావంటివానికి ఈ సత్యము వ్యాకరణగ్రంథములలో దొరకలేదు; రుద్రపశుపతి కథలో దొరకినది.

రెండవది బెజ్జమహాదేవి కథ. శివునకు అందరు చుట్టములు కలరు గాని తల్లి లేదు గదా అని ఆమెకు దిగులు పుట్టినది. తల్లియే యుండినచో బిడ్డను జడలు కట్టనిచ్చునా? పాములను మెడకు చుట్టుకొననిచ్చునా? శ్మశానమున తిరుగనిచ్చునా? విషము త్రాగుచుండగా చూచుచు ఊరకుండునా? ఇట్లు తలపోసి, ఆమె తానే తల్లియై, లింగమును పసిబిడ్డగా భావించి, నూనె యంటి, నీరుపోసి, కాటుక దిద్ది, పాలుపట్టి, జోలపాడెను. లోకమంతయు "తండ్రీ, కాపాడుము" అని శివుని వేడుచుండగా, "నాయనా, నిన్నెవరు చూచుకొందురు?" అని ఆయన నడిగిన తల్లి ఆమె.

మన ఇండ్లలో బెజ్జమహాదేవులకు కొదువ లేదు. ఏబదియైదేండ్ల వయస్సున, కంటిచూపుతో బడినంతటిని నిశ్శబ్దము చేయగల ప్రధానోపాధ్యాయుడైనను, ఇంట తల్లి యున్నచో మార్గశిరమాసపు ఉదయమున చెవులకు మఫ్లరు లేకుండ గడప దాటలేడు. "అందరు నవ్వుతారమ్మా" అని అతడనును. "నవ్వేవాళ్ళకు జలుబు చేస్తే వాళ్ళ అమ్మలు చూసుకుంటారు" అని ఆమె అనును. ఈ తర్కమును ఖండింపగల తార్కికుడు ఇంతవరకు పుట్టలేదు.

మూడవది గొడగూచి కథ. నేను చెప్పదలచిన విషయమంతయు ఈ కథయందే యున్నది కావున కొంచెము నిదానముగా వినుడు.

ఒక భక్తుడు ప్రతిదినము శివాలయమునకు పాలు కొనిపోయి నివేదించెడివాడు. ఒకప్పుడు అతడు పొరుగూరికేగుచు ఆ పనిని తన చిన్నకూతురగు గొడగూచికి అప్పగించెను. పాప పాలు కాచి కొనిపోయి శివునిముందుంచి త్రాగుమనెను. శివుడు త్రాగలేదు. పాపకు భయము పుట్టినది. ఆకలి లేదా? కోపము వచ్చినదా? పాలు సరిగా కాగలేదా? తండ్రి తెచ్చినగాని త్రాగవా? అని బ్రతిమాలెను, బుజ్జగించెను, తుదకు ఏడ్చెను. నీవు త్రాగనిచో నేను బ్రతుకనని తల నేలకు మోదుకొనబోయెను. శివుడు నిలువలేకపోయెను. గటగట పాలు త్రాగెను. నాటినుండి ప్రతిదినమును త్రాగెను.

తండ్రి తిరిగివచ్చి, నివేదించిన పాలేవి యని అడిగెను. "శివుడు త్రాగినాడు" అని పాప చెప్పెను. తండ్రి నమ్మలేదు. పాలు నీవే త్రాగి నాతో అబద్ధమాడుచున్నావని కోపించి, ఆమెను గుడికి తోడ్కొనిపోయి, నా యెదుట త్రాగింపుమనెను. తండ్రి చూచుచుండగా శివుడు త్రాగలేదు. కొట్టవచ్చిన తండ్రిని చూచి బెదరి ఏడ్చు ఆ పాపను శివుడు తనలోనికి తీసికొనెను.

బంధువులారా! ఈ కథను మన పెద్దలు పాప భక్తికి మెచ్చుకొనుచు చెప్పుదురు. ఆ తండ్రివంక కూడ ఒకమారు చూడవలయునని నా మనవి. అతడు చెడ్డవాడు కాడు. నాస్తికుడు కాడు. వానయైనను ఎండయైనను వేళ తప్పక పాలు మోసినవాడు. పొరుగూరికి పోవుచు కూడ పూజ ఆగకుండ ఏర్పాటు చేసినవాడు. అట్టివానికి శివుడు పాలు త్రాగినాడనగానే ఏల కోపము వచ్చినది? ఎందుకనగా, ఇన్ని సంవత్సరములుగా పాలు మోయుచున్నను, శివుడు త్రాగునని అతడు ఒక్కనాడును అనుకొనలేదు. పాత్ర ముందుంచుట అతని నియమము; మరల పాత్ర ఎత్తుకొనుట అతని అలవాటు. నడుమ ఆకలిగొన్నవాడొకడు కూర్చుండియున్నాడను తలపు అతనికి లేదు. పాపకున్నది అదియొక్కటే.

భక్తికిని అలవాటుకును ఇదియే భేదము. ప్రేమకును అలవాటుకును కూడ ఇదియే భేదము. ఎదుట నున్నవారికి నిజముగా ఆకలి యున్నదని నమ్ముటయే ప్రేమ. "తిన్నావా?" అను ప్రశ్న వేసి, బదులు వచ్చువరకు ఆగుటయే భక్తి.

ఇపుడు మన ఇండ్లలోనికి తొంగిచూతము. మనమందరము బాధ్యతగలవారమే. నెల మొదటివారమున ఊరిలోని తల్లిదండ్రులకు డబ్బు పంపుదుము. పండుగకు బట్టలు తెత్తుము. వేళకు కంచము పెట్టుదుము. పాలు మోయుటలో మనకు లోపము లేదు. కాని ఎదుటివారు త్రాగుచున్నారా లేదా యని చూచుచున్నామా?

నేనెరిగిన ఒక ఇంట ఒక ముసలమ్మ కలదు. కొడుకు ఉద్యోగస్థుడు, కోడలు నెమ్మదిగలది. ఆమెకు వేళతప్పక జొన్నరొట్టె, పప్పు, మజ్జిగ పెట్టుచుండిరి. కొన్ని వారములనుండి కంచములో సగము మిగిలిపోవుచున్నది. "వయసు మీదపడింది, ఆకలి తగ్గింది" అని కొడుకు అనుకొనెను. బలమునకు మందు తెచ్చెను. ఒకనాడు ఆరేండ్ల మనుమరాలు నాయనమ్మ ప్రక్కన కూర్చుండి తినుచు, ఆమె నోటివంక చూచి, తల్లితో, "అమ్మా, నాయనమ్మకు ఈ పక్క పళ్ళు ఊడిపోయినాయి, రొట్టె నమలటానికి రావటంలేదు" అని చెప్పెను. నాటినుండి రొట్టెను పాలలో నానవైచి పెట్టిరి. కంచము ఖాళీయైనది. ఆ ముసలమ్మ ఏల చెప్పలేదు? ఎవరును అడుగలేదు గనుక. కంచము పెట్టినవారు కంచమును చూచిరి; పాప నోటిని చూచినది. ఆ ఇంటిలో గొడగూచి ఎవరో, పాలు మోసిన తండ్రి ఎవరో వేరుగ చెప్పనక్కరలేదు.

మరియొక సంగతి. ఏడవ తరగతి పిల్లలకు ఒకమారు "మా అమ్మ" అను వ్యాసము వ్రాయుమని చెప్పితిని. ఒక బాలుడు ఇట్లు వ్రాసెను: "మా అమ్మకు అడుగంటిన అన్నమంటే ఇష్టము. మామిడిపండులో టెంక అంటే ఇష్టము. విరిగిపోయిన రొట్టె అంటే ఇష్టము. అందరము తిన్న తరువాత తినటమంటే ఇష్టము." అక్షరదోషమొక్కటియు లేదు. పదింటికి తొమ్మిది మార్కులు వేసితిని. "ఇష్టము" అను పదమును అర్థము తెలియక వాడినందుకు ఒక మార్కు తగ్గించితిని.

ఆ బాలుని తప్పేమున్నది? ఇంటిల్లిపాది అట్లే నమ్మియున్నారు. ఆమెకు టెంకయే ఇష్టమని నమ్ముట అందరకు సుఖముగ నున్నది. ఈ విషయమున మన ఇండ్లకును, మఠములకును కూడ ఒక మాట మనవి చేయవలసియున్నది. జంగమార్చన మనకు ముఖ్యధర్మము. అయ్యగారు ఇంటికి విచ్చేసినచో పాదపూజ చేసి, కడుపునిండ వడ్డించి, వారు తృప్తిగా తినినపిమ్మటనే మనము తినుట మంచి ఆచారము. కాని తెల్లవారుజామునుండి ఆ వంట వండిన తల్లి సాయంకాలము నాలుగు గంటలకు చల్లారిన అన్నము పట్టుకొని ఒంటరిగా కూర్చుండుట ఏ ఆచారము? దాసోహమనగా నేను దాసుడనను భావము. ఆ ఇంట దాసోహము ఒక్కరే చేసి, పుణ్యము మాత్రము అందరు పంచుకొనుట న్యాయము కాదు. అయ్యగారు భోజనము చేసి లేచునపుడు, "అమ్మా, నీవు తింటివా?" అని ఒక్కమాట అడిగినచో, అది ఆ తల్లికి వేయి ఆశీర్వచనములతో సమానము. అడుగు అయ్యగార్లు కలరు. వారి పేరు ఆ ఇండ్లలో తరతరములు నిలుచును.

ఎదుటివారి ఆకలిని గుర్తెరుగుట ఎంత ముఖ్యమో, ఆ ఆకలి ఎంతయో ఎరుగుటయు అంతే ముఖ్యము. ఇందుకు ఆయ్దక్కి లక్కమ్మ మనకు గురువు. ఆమె భర్త మారయ్య కల్యాణమున రాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చుట కాయకముగా గలవాడు. ఆయ్దక్కి యనగా ఏరిన బియ్యమనియే అర్థము. ఒకనాడతడు నిత్యము తెచ్చుదానికన్న ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. నేటికి ఇంత యక్కరలేదు, మిగిలినది తెచ్చినచోటనే పోసిరమ్మని ఆమె చెప్పెను. మారయ్య మారుమాటాడక అట్లే చేసెను.

ఈ కథలో రెండు వింతలు కలవు. భర్త ఎక్కువ సంపాదించి తెచ్చినందుకు భార్య మందలించుట మొదటి వింత. భార్య మందలించినందుకు భర్త మూతి ముడుచుకొనక పోయి సరిదిద్దుకొనుట రెండవ వింత. మొదటి వింత మన ఇండ్లలో ఎన్నడైన జరిగినదేమో నాకు తెలియదు గాని, రెండవది మాత్రము మిక్కిలి అరుదని నలుగురు గృహస్థులను చూచినవారందరకు తెలియును. కూరలో ఉప్పు తక్కువైనదని భర్త చెప్పినచో అది విమర్శ. ఖర్చు ఎక్కువైనదని భార్య చెప్పినచో అది పోరు! ఒకే పనికి రెండు పేర్లు పెట్టుకొన్నాము. మారయ్య ఇంట రెండింటికి ఒకటే పేరు, ధర్మము. ఒకరి ఆకలి ఒకరికి తెలిసిన దంపతులు గనుకనే, చాలునన్న మాట కూడ అక్కడ ప్రేమగా వినబడినది.

ఇక్కడ పెద్దలు ఒక ప్రశ్న వేయవచ్చును. "పంతులూ, నీవు చెప్పునది ప్రేమయా, మోహమా? నా బిడ్డ, నా భార్య, నా తల్లి యని తపించుట మోహమే గదా?" అని. మంచి ప్రశ్నయే. నాకు తోచిన సమాధానము చెప్పెదను. ఇంటి గడపయే దానికి కొలబద్ద. "తిన్నావా?" అను ప్రశ్న మన గడపలోపలనే ఆగిపోయినచో అది మోహము. గడప దాటినచో అదే భక్తి.

ఇందుకు బసవన్న కథయొకటి లోకమున ప్రసిద్ధముగా చెప్పుకొందురు. ఒక రాత్రి దొంగలు ఆయన ఇంటి ఆవులను తోలుకొనిపోయిరి. దూడలు కొట్టమున మిగిలిపోయి అరచుచుండెను. దొంగలను పట్టితెండని ఆయన భటులను పంపలేదు. భండారియై యుండియు తన అధికారమును ఎత్తలేదు. తల్లులకు దూరమై దూడలు అలమటించుచున్నవి, వానిని కూడ ఆవులు పోయిన చోటికి తోలి, దొంగలకే అప్పగించిరండని పంపెను. 

మనమైన ఏమి చేసియుందుము? పోయిన ఆవుల వెల ఎంతయని లెక్కించియుందుము. ఆనాడు బసవన్నకు లెక్కలు తెలియకపోలేదు. ఆయన ఉద్యోగమే లెక్కలు. కాని ఆ క్షణమున ఆయన చెవికి వినబడినది దూడల ఆకలి. ఆ ఆకలికి ఇది నాది, ఇది దొంగది యను భేదము లేదు. తన ఇంటి అక్కకొరకు నాడు ప్రశ్నించిన బాలుడే పెరిగి పెద్దవాడై, దొంగ ఇంటికి పోయిన ఆవుదూడకొరకు తపించెను. ఇంటిలో నేర్చిన ప్రేమ ఇంతదూరము నడువగలదు. ఇంటిలో నేర్వనివాడు బయట ఎక్కడ నేర్చును?

కావున శరణబంధువులారా! ప్రేమను నేర్చుటకు కొండలెక్కనక్కరలేదు. మన ఇంటిలోనే ఈ సాధన మొదలుపెట్టవచ్చును. ఇష్టలింగమును అరచేతనిడుకొని, దృష్టి నిలిపి, మనసు కుదుర్చుకొనుట మనకు గురువులు ఇచ్చిన గొప్పవిద్య. పూజ ముగియగానే అదే అరచేతిలో సెల్‌ఫోను నిలిపి, లింగముపై నిలిపినదానికన్న ఎక్కువ ఏకాగ్రతతో చూచుట మాత్రము మనకెవరును నేర్పలేదు, స్వయంకృషితో సాధించితిమి! ఆ దృష్టిలో నాలవవంతు ప్రక్కన కూర్చుండి తినుచున్న మనిషి ముఖముపై నిలిపినను చాలును.

దినమునకు ఒక్కపూటయైన ఇంటిల్లిపాది కలిసి కూర్చుండి తినుడు. వడ్డించువారికి కూడ అదే పంక్తిలో పీట వేయుడు. మామిడిపండు కోసినపుడు మంచి ముక్క ఒకటి ముందుగా తల్లికి పెట్టి, ఆమె "నాకు టెంకయే ఇష్టము" అనినచో నమ్మకుడు. ముసలివారు చెప్పిన కథనే మరల చెప్పినచో, రుద్రపశుపతి పురాణము విన్నట్లు క్రొత్తగా వినుడు. ఇంటి పనికి వచ్చు మనిషిని, పాలు పోయువానిని, గుమ్మమునకు వచ్చిన అతిథిని, "తిన్నావా?" అని అడిగి, బదులు వచ్చువరకు ఆగుడు. లేదని బదులు వచ్చినచో ఏమి చేయవలెనో నేను చెప్పనక్కరలేదు. అది చెప్పుటకే బసవన్న వచ్చెను.

వైశాఖ శుద్ధ తదియనాడు బసవజయంతికి ఊరూర ఉత్సవములు చేయుదుము. పల్లకి మోయుదుము, పాటలు పాడుదుము, అన్నదానము చేయుదుము. అన్నియు చేయవలసినవే. ఆ వడ్డనలో గరిటె పట్టినవారు విస్తరివంక మాత్రమే గాక, విస్తరిముందు కూర్చున్నవాని ముఖమువంక కూడ ఒకమారు చూడవలెనని నా వేడికోలు. శివుడు పాలు త్రాగునా యని సందేహించిన తండ్రికి శివుడు త్రాగలేదు. త్రాగునని నమ్మిన పాపకు త్రాగెను. ఆయన ఈనాటికిని మన ఇంటిలోనే, మన ప్రక్కపీటపైననే, ఏదో ఒక ముఖముతో, ఆకలితో కూర్చుండియున్నాడు. మనము అడుగవలెనని వేచియున్నాడు.

అందరి ఇండ్లలో పొయ్యి వెలుగుగాక! అందరి పంక్తులలో నవ్వు వినబడుగాక! అడుగువారు, బదులు చెప్పువారు చిరకాలము కలిసియుందురుగాక!

శరణు శరణార్థి.